సెక్వేషస్ అంటే

ఆదివారం ఇన్నాసి మొదటి ప్రసంగం. ఫాదర్ కావడానికి సెమినరీలో చదువుతున్నవాళ్లలో ఆ అవకాశం ముందుగా అతనికే వచ్చింది. అదీ తను పుట్టిన సముద్రపొడ్డు ఊళ్లో, తల్లి ముందు వరసలో కూర్చుని వింటుండగా.

ప్రసంగం ఎప్పుడో నోటికి వచ్చేసింది. తన గురువు రాయప్ప ఫాదర్ ఎలా చెబుతారో అచ్చం అలాగే. ఆయన ఆగే చోటే ఆగడం, ఆయనలాగే చెయ్యి ఊపడం. తోటివాళ్లు "చిన్న రాయప్ప" అని పిలుస్తుంటే ఇన్నాసి లోలోపల పొంగిపోయేవాడు.

ఒక్క మాట మాత్రం కొరుకుడు పడలేదు. ఏదో పాత ఇంగ్లీషు పుస్తకంలో ఒక మహాత్ముడి శిష్యుల్ని 'సెక్వేషస్' అన్నారు. ఇప్పుడెవరూ ఆ మాట వాడరు. శిష్యుల గురించిన మాట కదా, ప్రసంగంలో పెడితే ఎంత బావుంటుంది!

పొద్దున పూజ అయ్యాక గుడి వెనక గదిలోకి వెళ్లాడు. రాయప్ప ఫాదర్ మిగిలిపోయిన కొవ్వొత్తి ముక్కలు గిన్నెలో వేసి కరిగిస్తున్నారు.

"ఫాదర్, సెక్వేషస్ అంటే ఏమిటి?"

"లాటిన్‌లో 'సెక్వీ' అంటే?"

"వెంట నడవడం."

"అందులోంచి పుట్టిందే. ఎప్పుడూ ఒకరి వెంటే పోయేవాడని."

ఇన్నాసి ముఖం వెలిగిపోయింది. "అయితే నేను మీకు సెక్వేషస్ శిష్యుణ్ణి!"

ఫాదర్ గిన్నెలో ఇంకో కొవ్వొత్తి ముక్క వేశారు. "ఏదీ, నీ ప్రసంగం చెప్పు, విందాం."

ఇన్నాసి అందుకున్నాడు. మంచి ఊపులో ఉండగా ఆగి, గుండె మీద చెయ్యి వేసుకుని, చిన్నగా దగ్గాడు.

"నా ఉబ్బసం నీకెప్పుడు పట్టుకుందోయ్?"

ఇన్నాసి చెయ్యి గుండె మీదే ఉండిపోయింది.

ఫాదర్ గిన్నె అంచున చల్లారుతున్న మైనం గోకి, ఉండ చేసి, బొటనవేలితో నొక్కారు. గీతలతో సహా ముద్ర పడింది. దాన్ని చెరిపి, ఇన్నాసి వేలు పట్టుకుని నొక్కించారు. ఆ ముద్రా అంతే చక్కగా పడింది.

"పూర్వం ఇలాంటి వాటిని కూడా సెక్వేషస్ అనేవారు. ఎటు లాగితే అటు సాగేవాటిని."

ఇన్నాసి ఆ ఉండను చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరికి మెల్లగా అడిగాడు.

"అయితే మీ వెంట నడవడం తప్పా, ఫాదర్?"

"నడిస్తే తప్పేముంది?" అన్నారు రాయప్ప ఫాదర్, మంట తగ్గిస్తూ. "మైనానికి కాళ్లేవీ?"