గున్నమ్మ పిడికిలి

ఊఁ కొడుతూ వినండి. మీరు ఊఁ కొట్టడం ఆపితే నేను చెప్పడం ఆపేస్తాను.

ఎప్పటిదో మాట ఇది. బండి దారులు లేని రోజుల మాట. మూడు కొండల వెనక ఎర్రమెట్టవలస అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో చోళ్లు, అదే రాగులు పండేవి, గంటెలు, అదే సజ్జలు పండేవి. చుట్టూ అడవిలో చింతచెట్లు విరగకాసేవి. ఉప్పు మాత్రం పొలంలో పండదు కదా! అది సముద్రం ఒడ్డు నుంచి రావలసిందే. వర్తకులు ఎద్దుల వీపున గోనెలు వేసి తెచ్చేవాళ్లు. మొదటి కొండ దాటి, రెండో కొండ దాటి, మూడో కొండ దిగుతుంటే ఎద్దుల మెడలో గంటలు వినబడేవి. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, ఆడవాళ్లు చేటలు పట్టుకుని పరుగు.

ఆ ఊళ్లో గున్నమ్మ అని ఒకావిడ. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఊరందరి ఆవులూ కాసేది. పొద్దున్నే ఇంటింటి సాలలోకీ వెళ్లి ఆవుల్ని విప్పుకుపోయేది, పొద్దుగూకే వేళకి తెచ్చి కట్టేసేది. ఎవరింట్లో ఇంత అంబలి పోస్తే ఆ పూటకి అదే. ఆవిడకి ఆస్తి అంటూ ఉంటే చింతపండే. అడవిలో ఏరి, గింజ తీసి, ముద్దలు కట్టి గుడిసెలో దాచుకునేది.

ఒక వేసవి గంటలు వినబడలేదు.

మామిడికాయ కోతకొచ్చింది. ఊరగాయ పెట్టుకోవాలి. ఊరగాయే కదా పేదవాడికి ఏడాది పొడుగునా కూర. ఉప్పు లేకపోతే ఎలా? ఆడవాళ్లు మెట్ట ఎక్కి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండ వంక చూసేవాళ్లు.

"గంటలు వినబడ్డాయా?"

"లేదప్పా. గాలి."

ఊళ్లో వరహాలు అని ఒకాయనకి కొట్టు ఉంది. ఆయన దగ్గర కాస్త ఉప్పు ఉంది. తవ్వ ఉప్పుకి తవ్వ చోళ్లు తీసుకునేవాడు. గంటలు వినబడకపోయేసరికి తవ్వ ఉప్పుకి మానిక చోళ్లన్నాడు. మళ్లీ నాలుగు పొద్దులు గడిచేసరికి అడ్డెడన్నాడు. ఆ తరవాత కుంచెడన్నాడు. ప్రతిసారీ ముందటికి రెట్టింపు.

"ఏటిది వరహాలూ, నిన్న అడ్డెడే కదా?" అని అడిగితే, "రేపు రండి, ఇంకా పెరుగుద్ది" అనేవాడు.

రేపు పెరుగుతుందంటే ఇవాళే కొనాలి కదా! తవ్వ కావలసినవాడు మానిక కొన్నాడు. మానిక కావలసినవాడు కుంచెడు కొన్నాడు. విత్తనాల చోళ్లు కూడా కొట్టుకి చేరిపోయాయి. కొన్నవాడు కొన్నట్టు ఉండలేదు. పక్కింటివాడు అడుగుతాడేమోనని భయం. కుండ మూతికి గుడ్డ కట్టి, సాలలో గొయ్యి తీసి, పాతిపెట్టి, పైన పేడ అలికేశాడు. ఒకడు కాదు, ఇద్దరు కాదు. ఉన్నవాళ్లందరూ అదే పని. ఎవరికి వాళ్లు తామొక్కరే దాచామనుకున్నారు. తలుపు కిర్రుమంటే ఉలిక్కిపడేవాళ్లు. పొలానికి వెళ్లినవాడు సగం దారిలో వెనక్కి వచ్చేసేవాడు. చుట్టాలొస్తే మంచినీళ్లు ఇచ్చి గుమ్మంలోంచే పంపేసేవాళ్లు.

"గంటలు వినబడ్డాయా?"

"లేదు. గాలే."

గున్నమ్మకి మాత్రం తెలిసిపోయింది. ఎవరు చెప్పారు? ఆవులు చెప్పాయి. పొద్దున్నే విప్పబోతే ఆవు కదలదు. పేడ అలికిన ఒక మూల నేలని నాకుతూ ఉంటుంది. ఒక ఇంట్లో నాకింది, రెండో ఇంట్లో నాకింది, మూడో ఇంట్లో నాకింది. గున్నమ్మ నేల వంక చూసింది, ఆవు వంక చూసింది. తలుగు విప్పి తోలుకుపోయింది.

ఊళ్లో చిన్నాలు అని ఒక కూలి పిల్ల. దాని చంటిదానికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఉప్పేసిన గంజి పట్టాలి. దాని ఇంట్లో చోళ్లే లేవు, ఉప్పెక్కడిది? బిడ్డని భుజాన వేసుకుని బయలుదేరింది.

మొదటి ఇంటికెళ్లి, "చిటికెడు ఉప్పుంటే పెట్టప్పా" అంది.

"లేదే తల్లీ, మేమూ చప్పిడే తింటున్నాం."

రెండో ఇంటికెళ్లింది. "లేదే తల్లీ, మేమూ చప్పిడే తింటున్నాం."

మూడో ఇంట్లో అయితే తలుపే తియ్యలేదు. లోపలినుంచే అదే మాట.

ఆవుల్ని తోలుకొస్తున్న గున్నమ్మ ఇది చూసింది. చిన్నాలు చెయ్యి పట్టుకుని గుడిసెకి తీసుకుపోయింది. తన ఉప్పు కుండలో అడుగునేదో కాస్త మిగిలి ఉంది. గోళ్లతో గీకింది. కుండలో నీళ్లు పోసి తొలిపింది. ఆ నీళ్లతోనే గంజి కాచి చుక్క చుక్క పట్టింది. తెల్లారేసరికి పిల్ల కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విని చిన్నాలు కూడా ఏడ్చింది.

"నీకేటి మిగిలింది అత్తా?" అంది.

గున్నమ్మ కుండ బోర్లించి చూపించింది. తరవాత అంది కదా, "ఉప్పు ఊరికి రాకపోతే ఊరే ఉప్పు దగ్గరికి ఎల్లాలి. ఎవరెల్తారు? కుండ పాతుకున్నోళ్లు కాపలా ఒదిలి కదల్లేరు. నా ఇంట్లో కాపలా కాయడానికి ఏటుంది? నేనెల్తాను. నువ్వు ఆవుల్ని చూసుకో."

దాలినాయుడని ఒక ముసలి రైతు. ఆయనకి పని మానేసిన ముసలి ఎద్దొకటి ఉంది. గున్నమ్మ వెళ్లి అడిగింది.

"బాబూ, ఎద్దునియ్యి. ఉప్పు తెస్తాను."

"పోయినా పోతుందిలే, తీసుకుపో," అన్నాడాయన. ఎద్దు గురించే అన్నాడు.

గున్నమ్మ తన చింతపండంతా ఎద్దు మీద వేసింది. మొదటి కొండ దాటింది, రెండో కొండ దాటింది, మూడో కొండ దాటింది. సముద్రం ఒడ్డుకి చేరేసరికి ఏముందక్కడ? ఉప్పు! మడుల గట్ల మీద తెల్లగా, గడ్డివాముల్లాగా పోగులు.

"అయ్యో నా తల్లీ, ఇంత ఉప్పుంటే మాకెందుకు రావడం లేదు?" అంది.

మడుల పెద్ద నవ్వాడు. "ఉప్పు కరువని ఎవరో పుకారు పుట్టించారమ్మా. ఎద్దులు కొండ ఎక్కకముందే, దారిలో మొదటి ఊరివాళ్లే గోనెలతో సహా లాక్కుంటున్నారు. మీ దాకా ఏం వస్తుంది? వర్తకులు కొండలకి రావడం మానేస్తే మాకు చింతపండు లేదు. పులుపు లేని పులుసు తిని మా నోళ్లు చచ్చిపోయాయి."

చింతపండు ఇచ్చింది, ఉప్పు తీసుకుంది. ఆ మొదటి ఊరిని తప్పించి, అడవి అడ్డదారిన తిరిగొచ్చింది.

"గంటలు వినబడ్డాయా?"

"వినబడ్డాయి! వినబడ్డాయి!"

ఊరు ఊరంతా పరుగున వచ్చింది. వీధి మధ్యలో అందరూ దంచుకునే పెద్ద రోలుంది. గున్నమ్మ గోనె విప్పి రోట్లో పోసింది. "ఇవాళ్టికి తీసుకోండి. రేపటికి రేపు తీసుకోవచ్చు," అంది. ఎవరు విన్నారు? చేటలతో ఎత్తారు, కొంగుల్లో మూట కట్టారు. రోలు ఖాళీ అయిపోయింది. సాలల్లో కొత్త గోతులు పడ్డాయి. చిన్నాలు లాంటి వాళ్లకి దక్కింది దోసెడే.

గున్నమ్మ చింతపండు ఏరుకుని మళ్లీ బయలుదేరింది. రెండోసారీ తెచ్చింది, రెండోసారీ రోట్లో పోసింది. ఇవాళ్టికి తీసుకోమంది. రెండోసారీ అంతే అయింది.

ఎద్దుకి నీళ్లు పెడుతుంటే దాలినాయుడు పక్కన కూర్చున్నాడు.

"గున్నమ్మా, నువ్వు ఇంటింటి సాలలోకీ ఎల్లేదానివి. ఎవరెక్కడ దాచారో నీకు తెలియకుండా ఉంటుందా?"

"తెలుసు బాబూ."

"మరి చెప్పొచ్చు కదా? ఈ ఎండలో కొండలెక్కడమెందుకు?"

"చెబితే ఏటవుద్ది బాబూ? ఇవాళ ఒకడి గోడ ఇంకొకడు తవ్వుతాడు. రేపు ఒకడి తల ఇంకొకడు పగలగొడతాడు. ఉప్పు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు తినొచ్చు. పక్కింటోళ్లు మళ్లీ దొరుకుతారేటి?"

దాలినాయుడు తల దించుకుని వెళ్లిపోయాడు.

మూడోసారి వెళ్లబోయేసరికి గున్నమ్మ పాదాలు పగిలి నెత్తురు కారుతున్నాయి. ఒళ్లు కాలిపోతోంది. చిన్నాలు ఎద్దు తాడు పట్టుకుని అడ్డం నిలబడింది.

"వద్దత్తా. వీళ్ల కుండలు నువ్వెంత పోసినా నిండవు."

"నిండవని నాకూ తెలుసే. కుండే లేనోళ్లు ఉన్నారు కదా, దోసెడు చాలు అనేవాళ్లు. వాళ్ల కోసం."

తాడు తీసుకుని వెళ్లిపోయింది.

చాలా పొద్దులు గడిచాయి. ఊళ్లో ఎవరికీ కాలు నిలవలేదు. మెట్ట ఎక్కడం, దిగడం. మళ్లీ ఎక్కడం.

"గంటలు వినబడ్డాయా?"

"లేదు. గాలి."

"ఇప్పుడో?"

ఇప్పుడు వినబడ్డాయి. అందరూ చేటలు పట్టుకుని పరిగెత్తారు. ఎద్దు వస్తోంది. వీపున ఉప్పు గోనెలు ఉన్నాయి. వెనక గున్నమ్మ లేదు. ఎద్దు తనకి తెలిసిన దారినే వచ్చి రోలు దగ్గర ఆగింది. ఒక్క చెయ్యి కూడా గోనె మీద పడలేదు.

వెతుక్కుంటూ వెళ్లారు. రెండో కొండ మీద, ఒక బండ నీడన ఆనుకుని కూర్చుని ఉంది గున్నమ్మ. పిలిస్తే పలకలేదు. ఎండదెబ్బకి ఎప్పుడో ప్రాణం పోయింది. మోసుకొచ్చారు.

మనిషిని పాతిపెడితే గోతిలో ఉప్పు చల్లడం వాళ్ల ఆనవాయితీ. ఎద్దు మీద ఉప్పుంది. ఎవరు ముట్టుకుంటారు? ఆ ఉప్పు కోసమే కదా ఆవిడ చచ్చిపోయింది! అందరూ నేల చూపులు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు దాలినాయుడు గునపం తీసుకుని తన సాలలోకి వెళ్లాడు. నేల తవ్విన చప్పుడు అందరికీ వినిపించింది. ఒక కుండ ఎత్తుకొచ్చి గోతి పక్కన పెట్టాడు. మూతికి కట్టిన గుడ్డ విప్పాడు. నిండుగా ఉప్పు.

"నేనూ దాచాను," అన్నాడు.

అంతే. ఇంకొకడు గునపం తీశాడు. చిన్నాలుకి తలుపు తియ్యని ఆ మూడో ఇంటి ఇల్లాలు కుండతో వచ్చింది. ఒకరి తరవాత ఒకరు తెచ్చారు. చివరికి వరహాలు తన కొట్టు వెనక గది తలుపు తీసి, గోనె భుజాన వేసుకుని వచ్చాడు. అందరూ పోశారు. గొయ్యి తెల్లగా నిండిపోయింది. ఇంకా మిగిలింది. రోట్లో పోస్తే రోలు నిండింది, ఇంకా మిగిలింది. ఆ ఏడాదికీ, పై ఏడాదికీ ఊరంతా తిన్నా తరగని ఉప్పు ఆ ఊళ్లోనే ఉంది. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు.

చిన్నాలు రోలు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లందరికీ తలా ఒక పిడికెడు పంచింది. వరహాలూ వచ్చి చెయ్యి చాపాడు. ఆయనకీ పెట్టింది.

అప్పట్నుంచి ఆ వైపు ఊళ్లలో ఇంటికి కొత్త ఉప్పు తెస్తే, కుండలో పోసుకునే ముందు ఒక పిడికెడు పక్కింటి గడపలో పెడతారు. అది గున్నమ్మ పిడికిలి. ఉప్పుతో మొదలైంది కానీ ఉప్పుతో ఆగలేదు. కిరసనాయిలు దొరకని రోజుల్లో దీపం బుడ్డిలోకి ఇంత నూనె వచ్చేది. చక్కెర కరువైతే చక్కెర వచ్చేది. ఉల్లిపాయ ధర మండిపోయిన ఏడు మా పొరుగావిడ రెండు ఉల్లిపాయలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నాకెందుకమ్మా, ఉన్నాయిలే అనబోయాను. ఆవిడ నా మొహంలోకి ఒక చూపు చూసింది. నోరు మూసుకుని తీసుకున్నాను.

ఎందుకంటే గున్నమ్మ పిడికిలిని వద్దనకూడదు. వద్దన్నవాడి ఇంట్లో ఎక్కడో కుండ పాతి ఉందని లెక్క.