రెండు తాళాల కొట్టు

పొరుగు సంస్థానానికి మంత్రిగా వెళ్ళబోతున్న శిష్యుడు భార్గవుడు గురువుగారి ముందు కూర్చుని తన బెంగ చెప్పుకున్నాడు. "అక్కడ రెండు సభలు, రెండు పక్షాలు. ఒకరు ఔనంటే ఒకరు కాదంటారు. ఒక సభను తీసెయ్యమని రాజుగారికి చెప్పనా?" కందులు బాగుచేస్తున్న గురువుగారు చేట దించలేదు. ఏరువాడ అనే ఊరి సంగతి ఎత్తుకున్నారు.

ఆ ఊరి పన్ను ధాన్యమంతా ఒక ఉమ్మడి కొట్టులో పోసేవారు. కొట్టుకు రెండు తాళాలు. ఒక తాళంచెవి ఎగువ వీధి పెద్ద సింహాద్రమ్మ దగ్గర, రెండోది దిగువ వీధి పెద్ద పైడయ్య దగ్గర ఉండేవి. ఇద్దరూ కలిస్తేగాని తలుపు తెరుచుకోదు కాబట్టి గింజ వృథా పోదని ఊరు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. జరిగింది వేరు. పైడయ్య తన వీధికి మేళాల మండపం అడిగితే, "మా రేవుకు రాతిమెట్లు కట్టిస్తే సరే" అనేది సింహాద్రమ్మ. రెండూ లేచాయి. పన్ను మాటొస్తే మాత్రం "ముందు మీ వీధికి పెంచు" అని ఇద్దరూ బిగుసుకునేవారు, చివరికి ఇద్దరికీ తగ్గించుకుని లేచేవారు. ఏడేళ్ళలో కొట్టు అడుగంటింది.

ఎనిమిదో ఏడు, వానలకు ఇరవై రోజుల ముందు వాగు కట్ట బీటలిచ్చింది. తెగితే దిగువ పొలాలన్నీ ఇసుక మేటలే. మట్టి పనివాళ్ళకు కూలి ధాన్యంలోనే ఇవ్వాలి. కొట్టులో ఉన్నది నాలుగు రోజులకు కూడా చాలదు. పైడయ్య పరుగున సింహాద్రమ్మ ఇంటికొచ్చాడు.

"పన్ను పెంచుదాం, ఒప్పుకో అప్పా. బదులు ఏటి కావాలో అడుగు."

ఎగువ వీధికి బండిబాట వెయ్యాలన్నది ఆమెకు ఎన్నాళ్ళనాటి కోరికో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వాకిట్లో ఆమె మనుషులు అడుగు అడుగు అని సైగలు చేస్తున్నారు. ఎదురుగా పైడయ్య రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆ చేతుల్ని చూసేసరికి ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. సొంత గాదె తెరిపించి, పది బస్తాలు బండికెత్తించి, తీసుకెళ్ళి కొట్టు ముందు ఆపింది.

"నాకేటీ వద్దు తమ్ముడా. నీ తాళం తియ్యి. గింజలు తియ్యడానికే గాదు, పొయ్యడానికీ రెండు తాళాలూ తియ్యాలి గదా!"

ఆ బండి చూసి దిగువ వీధికి పౌరుషం వచ్చింది. సాయంత్రానికి అటు నుంచి పదిహేను బస్తాలు దిగాయి. మర్నాడు ఎగువ వీధి ఇరవై దింపింది. అలా రోజూ బళ్ళు వస్తూనే ఉన్నాయి. పోట్లాడుకోవడం ఎవరూ మానలేదు, ఎవరెక్కువ పోశారన్నదే ఇప్పుడు పోట్లాట. పద్దెనిమిదో రోజున కట్ట పూర్తయింది. ఇరవయ్యో రోజున వాగు ఉరికి వచ్చి, కట్టను ఢీకొట్టి, చేసేది లేక బుద్ధిగా కాలవలోకి మళ్ళింది. దుమ్ము పట్టిన మండపంలో మేళాలు మోగాయి. రెండు వీధులూ వానలో తడుస్తూ గంతులేశాయి. సింహాద్రమ్మ పైడయ్య భుజం పట్టుకుని గట్టు మీదే ఏడ్చింది, నవ్వింది. కొట్టులో ఇంకా నలభై బస్తాలు మిగిలే ఉన్నాయి.

భార్గవుడి ముఖం వెలిగిపోయింది. "అయితే రెండు తాళాలూ ఉండనివ్వమంటారా?"

గురువుగారు చేట పక్కన పెట్టారు.

"తాళాల సంగతి తరువాత చూద్దువుగాని. వెళ్ళేటప్పుడు నీ బండి ఖాళీగా తోలుకెళ్ళకు."