పేరంటాలు ముంచిన పడవ

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒక పల్లె. ఆ పల్లెలో పేరంటాలని ఒకావిడ ఉండేది. ఏది చూసినా "ఇదెందుకిలా?" అనేది. అలాంటి మనిషి, చిట్టితల్లీ!

వాళ్ళ నాన్న పోయాక ఆయన తెరచాప పడవ ఇసకలో బోర్లా పడి ఉండిపోయింది. దాని కింద పీతలు కాపురం పెట్టాయి. అందరికీ ఇంజను పడవలొచ్చేశాయి కదా, దాన్నెవరు పట్టించుకుంటారు?

ఒకరోజు మొగుడు తాతారావు గొడ్డలి పట్టుకొచ్చాడు. "వానలొస్తున్నాయి. పొయ్యిలోకి పుల్లల్లేవు. దీన్ని కొట్టేస్తా" అన్నాడు.

పేరంటాలు పరిగెత్తుకొచ్చి పడవకి అడ్డంగా నిలబడింది. "ఆగయ్యా! ఇంజను లేకుండా ఇదెలా నడిచేదో నాకు చూడాలనుంది. నేనే బాగుచేస్తా."

"నువ్వా? సరే. వాన పడేలోగా నడిచిందా, నీది. లేదంటే పొయ్యిది."

అప్పుడు పేరంటాలు పీతల్ని బతిమాలి పంపించేసింది. పుచ్చిన చెక్క ఊడబెరికి కొత్త చెక్క బిగించింది. సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసింది. ఏట్లోకి తోసింది. బుడబుడమని నీళ్ళొచ్చేశాయి! గట్టుమీదున్న వాళ్ళంతా ఒకటే నవ్వు.

పేరంటాలు ఇంటికొచ్చి తలుపు వంక చూస్తూ కూర్చుంది. వానాకాలం ఆ తలుపు ఉబ్బి పట్టేస్తుంది. ఎందుకిలా? చెక్క నీళ్ళు తాగుతుంది కాబట్టి! మర్నాడే పడవ నిండా రాళ్ళేసి ఏట్లో ముంచేసింది.

తాతారావు లబోదిబోమన్నాడు. "బాగుచేస్తానని ముంచేశావేమే!"

"తాగనీవయ్యా. ఎన్నేళ్ళ దాహమో!"

కొన్నాళ్ళకి రాళ్ళు తీసి, నీళ్ళు తోడేసింది. చెక్కలు ఉబ్బి సందులన్నీ మూసుకుపోయాయి. చుక్క నీరు రాలేదు!

ఆ తర్వాత తెరచాప. పాతది ఎలకలు కొట్టేశాయి. మందపు గుడ్డ తెచ్చి దుప్పటిలా చదునుగా కుట్టింది. గాలి పక్కనుంచి జారిపోయింది. పడవ కదల్లేదు. ఇదెందుకిలా? దండెం మీద తాతారావు చొక్కా గాలికి బొజ్జలా ఉబ్బడం అప్పుడే కంటబడింది. మళ్ళీ విప్పి, తెరచాపకీ బొజ్జ వచ్చేలా కుట్టింది. గాలి వచ్చి అందులో కూర్చుంది!

అప్పుడు ఏమైందనుకున్నావ్? పడవ పక్కకి ఒరిగి, పేరంటాల్ని దబ్బున నీళ్ళలో పడేసింది. ఈసారి ఆమే పకపకా నవ్వింది. కానీ ఆకాశం చూస్తే నల్లగా ఉంది. భయమేసింది.

రేవులో ఎవరో బిందెలు ముంచుతున్నారు. ఖాళీ బిందె దొర్లిపోతోంది. కాస్త నీళ్ళున్న బిందె నిటారుగా నిలబడుతోంది. అంతే! ఇసక బస్తాలు తెచ్చి పడవ అడుగున పరిచింది. తెరచాప ఎత్తింది. పడవ నిలబడింది, సర్రున కదిలింది. వాన చినుకు ఇంకా పడనే లేదు.

తాతారావు గొడ్డలి గట్టుమీద వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలో పరిగెత్తుకొచ్చి ఎక్కేశాడు.

ఇంజను రొద లేదు. పడవ కింద నీళ్ళు గలగలమంటున్నాయి. ఎక్కడో చేప ఎగిరిన చప్పుడు కూడా వినిపించింది.

"పుట్టి బుద్ధెరిగాక ఈ చప్పుడు విన్లేదే" అన్నాడు తాతారావు, గొంతు తగ్గించి. "ఇంక వెనక్కి తిప్పుదామా?"

"ఆ మలుపులో మడచెట్ల వెనకాల ఏముందో ఎప్పుడైనా చూశావా?"

"లేదు."

"నేనూ చూళ్ళేదు" అని పేరంటాలు చుక్కాని అటు తిప్పింది.

గాలి తెరచాపని నింపింది,
పడవ మలుపు తిరిగింది,
కథేమో కంచి దారి పట్టింది,
మా చిట్టితల్లికి నిద్ర ముంచుకొచ్చింది!