కుడి కుర్చీ, ఎడమ కుర్చీ

ఒకానొక రేవు రాజ్యం. దానికి రాజంటూ లేడు గానీ, సముద్రాలు దాటి వచ్చి ఏలుతున్న గ్రిగ్స్‌బీ దొర ఉన్నాడు. రాజుకు ఉండవలసిన బుద్ధి మాటేమో గానీ, బడాయి మాత్రం ఆయనకు పుష్కలం.

ఆ దొర దగ్గర పైడయ్య అని మన తెలుగువాడే దుబాసీ. ఒకప్పుడు ఓడ గుమాస్తాగా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. దొర మాట చీనావాళ్ళకూ, చీనావాళ్ళ మాట దొరకూ చెప్పడం ఆయన పని.

దొర తన రేవు నుంచి చీనా దేశానికి రైలు వేయిస్తున్నాడు. ఇటు పట్టాలు సరిహద్దు వాగు దాకా వచ్చి ఆగాయి. అటు పట్టాలు ఆవలి ఒడ్డున ఆగాయి. మధ్యన వంతెన పడాలంటే ఒడంబడిక కావాలి. చీనా చక్రవర్తి తరఫున లియాంగ్ మంత్రి పల్లకీలో వచ్చాడు. వాగు ఒడ్డున డేరా వేశారు.

అంతా బాగానే ఉంది, కూర్చునే దగ్గర వచ్చింది పేచీ! "పెద్ద స్థానం నాది" అంటాడు దొర. "మా చక్రవర్తిని మించినవాడెవడు? నాదే" అంటాడు మంత్రి. పొద్దుటి నుంచి ఇద్దరూ నిలబడే ఉన్నారు. మోకాళ్ళు పీకుతున్నా సరే, ఒక్కరూ మీసం దించరు.

దొర పైడయ్యను డేరా వెనక్కి లాక్కుపోయాడు.

"ఏమయ్యా, నేను ఆయనకన్నా తక్కువైతే నీ ఉద్యోగం ఊడినట్టే. ఒడంబడిక కుదరకపోయినా ఊడినట్టే!"

ఈ వయసులో, ఈ పరాయి దేశంలో, ఉద్యోగం పోతే పైడయ్య పెళ్ళాన్ని ఏం పెట్టి పోషిస్తాడు? తల గోక్కున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఎప్పుడో ఒక చీనా వర్తకుడి ఇంట విందులో తెలియక ఒక కుర్చీలో చతికిలబడి తిన్న చీవాట్లు. ఫక్కున నవ్వాడు.

ఒకే ఎత్తున్న రెండు కుర్చీలు తెప్పించాడు. వాగు వైపు తిప్పి పక్కపక్కనే వేయించి, రెండు భాషల్లోనూ ఒకటే మాట చెప్పాడు. "అయ్యలారా, పెద్ద కుర్చీ ఏదో తమకు తెలియనిదా? ముందు చేరుకున్నవారిదే!"

అంతే! దొర టోపీ పట్టుకుని, మంత్రి పట్టు అంగీ ఎత్తిపట్టుకుని పరుగో పరుగు. ఢీకొంటారేమోనని బంట్రోతులు కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూస్తే దొర కుడి కుర్చీలో, మంత్రి ఎడమ కుర్చీలో హాయిగా ఉన్నారు. ఇద్దరూ మీసాల చాటున నవ్వుకుంటున్నారు.

ఇక చూడాలి వాళ్ళ ఔదార్యం! "పాపం, ఓడిపోయాడు" అనుకుని దొర, వంతెన నేను కట్టిస్తానన్నాడు. అదే జాలితో మంత్రి, స్టేషను నేను కట్టిస్తానన్నాడు. భోజనాల వేళకు సంతకాలైపోయాయి.

విందులో దొర ఛాతీ విరిచాడు. "పెద్ద స్థానంలో, కుడివైపున, కూర్చున్నది నేనే గదా!"

పైడయ్య ఆ మాట చెప్పగానే మంత్రి పకపకా నవ్వాడు. "మా దేశంలో పెద్దవాడి చోటు ఎడమవైపు!"

దొర మొహం కందగడ్డ అయింది. "ఓరి పైడయ్యా! ఎంత మోసం!"

"మోసమేముంది దొరా? తమ మర్యాదలో తమరే పెద్ద, వారి మర్యాదలో వారే పెద్ద."

"ఇద్దరమూ పెద్దలమైతే తక్కువైందెవరు?"

"పొద్దుటి నుంచి కుర్చీ లేకుండా మధ్యలో నిలబడ్డవాడు. కావలిస్తే నా కాళ్ళనడగండి!"

దొర ఒక్క క్షణం గుడ్లురిమాడు. ఆ తర్వాత బొజ్జ అదిరేలా నవ్వాడు. సంగతి వినగానే మంత్రికీ నవ్వాగలేదు.

"ప్రాణమున్నంత కాలం ఉద్యోగం నీదే" అన్నాడు దొర కళ్ళు తుడుచుకుంటూ. "మొదటి రైల్లో మొదటి తరగతిలో నువ్వూ నీ భార్యా నా ఎదుట కూర్చుని రావాలి. ఏ వైపు కావాలి, కుడివైపా, ఎడమవైపా?"

"ఏ వైపైతేనేం దొరా, కిటికీ పక్కనైతే చాలు" అన్నాడు పైడయ్య.