రాజుగారి తరఫు మనిషి

ఉప్పు తప్ప మరేమీ పండని ఒకానొక చిన్న రాజ్యాన్ని ప్రతాపమార్తాండుడనే రాజు ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గానీ, రాజుగారి బిరుదులు మాత్రం పాతిక రాజ్యాలకు సరిపోతాయి. సముద్రమేఖలాధీశ్వర, శత్రుగజకంఠీరవ, లవణరత్నాకర, సకలదిశావిజృంభిత... ఇలా చదువుకుంటూ పోతే వినేవాడికి కునుకు పట్టేది.

ఆ కొలువులో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా రాజుగారికి మొర పెట్టుకోవాలంటే ముందు ఆ బిరుదులన్నీ తప్పు లేకుండా చదవాలి. ఎక్కడ తడబడినా మళ్ళీ మొదటికే. చదువుకున్నవాళ్ళకే నాలుక మడత పడేదంటే, ఇక ఉప్పుమళ్ళలో ఎండకు మాడే జనం సంగతి చెప్పాలా? అందుకని కాస్త నోరున్న వాళ్ళెవరినో వెంటబెట్టుకుని వచ్చేవారు. వాళ్ళు బిరుదులు చదివి, వీళ్ళ గోడు చెప్పి పెట్టేవారు.

ఇది రాజుగారికి నచ్చలేదు. "నాకూ నా ప్రజలకూ నడుమ ఇంకో నోరెందుకయ్యా? ఈ సిఫారసుల మూలంగానే లోకం చెడిపోతోంది!" అని మండిపడి, ఊరూరా దండోరా వేయించాడు. ఎవరి గోడు వారే చెప్పుకోవాలి. ఒకరి తరఫున ఒకరు కొలువులో నోరు విప్పితే దేశం నుంచి వెళ్ళగొడతారు. వినడానికి ఎంత బాగుందో చూశారా! పండితులంతా భేష్ భేష్ అన్నారు. బిరుదుల్లో ఇంకొకటి చేరింది.

ఆ ఏడు అకాల వర్షం పడింది. కుప్పలు పోసిన ఉప్పంతా ఒక్క రోజులో నీళ్ళయి సముద్రంలోకి పోయింది. అయినా కోట నుంచి భటులు వచ్చి, "రాజుగారి భాగం ఎక్కడ?" అని కూర్చున్నారు. ఉప్పుమళ్ళ వాళ్ళు లబోదిబోమంటూ కొలువుకు పరుగెత్తారు. మొదటివాడు 'శత్రుగజ' దగ్గర ఆగిపోయాడు. రెండోవాడు అక్కడిదాకా కూడా రాలేదు. మూడోవాడికి రాజుగారి మీసం చూడగానే నోట్లో తడి ఆరిపోయింది.

వాళ్ళ వెనకాల పైడమ్మ అనే ముసలావిడ నిలబడి ఉంది. రోజూ కోట గుమ్మం దగ్గర ఉప్పు అమ్ముకునేది కాబట్టి, లోపల కొలువు మొదలయ్యేటప్పుడు భట్టు చదివే బిరుదులు విని విని ఆవిడకు నోటికి వచ్చేశాయి. ఇక ఊరుకోలేకపోయింది. గడగడా బిరుదులన్నీ ఒప్పజెప్పి, "బాబూ, ఉప్పు నీళ్ళైపోనాది. నీళ్ళలోంచి నీ బాగం ఎలగ తీసి ఇమ్మంతావు? ఈల్లకు నోరు నేదని ఊపిరి కూడా తీసేత్తావా?" అని అడిగేసింది.



"నీకు ఉప్పుమడి ఉందా?" అన్నాడు రాజు.

"నేదు బాబూ."

"అయితే వాళ్ళ తరఫున మాట్లాడావన్నమాట! వచ్చే పున్నమి కొలువులో శిక్ష చదివి, అదే రోజు పొలిమేర దాటించండి!"

ఆ మాట వినగానే, సింహాసనం పక్కన నిలబడి ఉన్న కూర్మన్న చటుక్కున ఒక అడుగు ముందుకు వేసి, మళ్ళీ వెనక్కి తగ్గాడు. కూర్మన్న అంటే కొలువులో చమత్కారి. రాజుగారికి కోపం వస్తే చల్లార్చేదీ, పొద్దుపోకపోతే నవ్వించేదీ అతనే. అయితే పుట్టుకతోనే పట్టుబట్టలు కట్టినవాడేం కాదు. తల్లీ తండ్రీ లేక ఉప్పుమళ్ళలో ఆకలితో తిరిగిన పిల్లవాడు. ఆనాడు ఈ పైడమ్మే వాణ్ణి రెక్క పట్టుకుని పెద్ద రాజుగారి ముందుకు తీసుకొచ్చింది. "బాబూ, ఈడికి నోరుంది, కూడు నేదు. నీకు కూడుంది, నవ్వించీవోడు నేడు. ఇద్దరికీ సరిపోద్ది" అంది. పెద్ద రాజుగారు పకపకా నవ్వి కూర్మన్నను కోటలో ఉంచేసుకున్నారు.

ఆవిడ ఆనాడు నోరు విప్పకపోతే తానెక్కడ ఉండేవాడు? ఆ ఆలోచన కూర్మన్నను రోజూ అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు పలకరించేది. ఇప్పుడు ఆ నోటికే శిక్ష పడబోతోంది. పోనీ రాజుగారి కాళ్ళ మీద పడి వేడుకుందామా అంటే, అది పైడమ్మ తరఫున మాట్లాడినట్టు అవుతుంది. అతన్నీ పొలిమేర దాటిస్తారు, ఆవిడకు ఒరిగేదేమీ ఉండదు.

చెరసాలకు వెళ్ళి కటకటాల బయట కూలబడ్డాడు. "పెద్దమ్మా, ఏం చెయ్యమంటావే?"

"ఏటి సేత్తావురా? ఏడవకు ముందు. అన్నం తిన్నావా?" అంది పైడమ్మ.

కూర్మన్నకు దుఃఖం ఆగలేదు.

ఇదిలా ఉండగా, పైనున్న చక్రవర్తి కప్పం పెంచేశాడు. చక్రవర్తి కొలువులో రెండు పక్షాలుండేవి. ఒకరు ఎర్రపాగా వాళ్ళు, ఇంకొకరు పచ్చపాగా వాళ్ళు. మన ప్రతాపమార్తాండుడు మొదటినుంచీ ఎర్రపాగా వాళ్ళ మనిషి. పచ్చపాగా పేరెత్తితే చాలు, "దొంగలు! దేశాన్ని దోచుకునేవాళ్ళు!" అని సింహాసనం మీద చరిచేవాడు. కానీ ఈమధ్య చక్రవర్తి దగ్గర పచ్చపాగా వాళ్ళ మాటే చెల్లుతోందని తెలిసింది. అంతే! రాజుగారు గుట్టుచప్పుడు కాకుండా కబురంపి, ఇందుశేఖరుడనే పచ్చపాగా పెద్దమనిషిని కుదుర్చుకున్నారు. చక్రవర్తి చెవిలో రాజుగారి తరఫున నాలుగు మంచి మాటలు వేసి కప్పం తగ్గించడం అతని పని. అందుకు పుచ్చుకునేదేమో పల్లకీ, కోటలో విడిది, ఏటేటా ముత్యాల సంచి.

సరిగ్గా పున్నమినాడే ఇందుశేఖరుడు దిగాడు. అబ్బో, ఏం మర్యాదలని! నిన్నటిదాకా పచ్చపాగాను తిట్టిన మంత్రులే ఆకుపచ్చ ఉత్తరీయాలు వేసుకుని ఎదురెళ్ళారు. "పచ్చదనం కంటికి ఎంత చలువ!" అన్నారు రాజుగారు. ఒక మూల ఇద్దరు భటుల నడుమ పైడమ్మ నిలబడి చూస్తోంది. అతిథి మర్యాదలు కాగానే ఆవిడకు శిక్ష చదవాలి.

కూర్మన్న ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "ప్రభూ, ఎద్దును కొనేముందు రెండడుగులు నడిపించి చూస్తాం కదా. వీరు చక్రవర్తి ముందు ఎలా మాట్లాడతారో ఇక్కడే ఒకసారి ఆడి చూపిస్తే తమరి మనసు కుదుటపడుతుంది."

"ఆడిద్దాం, ఆడిద్దాం!" అన్నాడు రాజు సంబరంగా. "చక్రవర్తిగా ఎవరు కూర్చుంటారు?"

మంత్రులెవరికీ ధైర్యం చాలలేదు. "పోనీ నేను కూర్చోనా? కానీ ప్రభూ, ఆట సగంలో నన్ను లాగి కింద పడెయ్యనని మాటివ్వాలి" అన్నాడు కూర్మన్న.

"ఇచ్చాను పో! ఆట అయ్యేదాకా నువ్వే చక్రవర్తివి. నేను నీ సామంతుణ్ణి" అంటూ రాజు నవ్వుతూ సింహాసనం దిగాడు.

కూర్మన్న కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇందుశేఖరుడు ముందుకొచ్చి, వంగి నమస్కరించి, గొంతు సవరించుకుని చక్రవర్తి బిరుదులు మొదలుపెట్టాడు. ఆసేతుహిమాచలపాలక, చతుస్సముద్రముద్రిత, రాజాధిరాజమకుటమణిరంజిత... మన రాజుగారి బిరుదులు వాటి పక్కన పసిపిల్లల పేర్లలా వినిపించాయి. ఆ తర్వాత గొంతు వణికించి, "మహాప్రభో, అకాల వర్షానికి ఉప్పంతా నీళ్ళయిపోయింది. లేని ఉప్పుకు కప్పం ఎక్కడినుంచి తేగలడు ఈ పేద రాజు? దయ చూపండి!" అన్నాడు.

రాజుగారి కళ్ళు చెమర్చాయి. "ఆహా, నా గుండెలో మాట!" అన్నాడు. ఆ మాటలు ముందెక్కడో విన్నట్టు ఆయనకు తోచనే లేదు.

కూర్మన్న గడ్డం నిమురుకున్నాడు. "అదంతా సరే, ఇందుశేఖరా. నీకు కబురందలేదా? ఈ పొద్దున్నే పచ్చపాగా మంత్రిని ఇంటికి పంపేశాం. ఇక మాకు ఆప్తులంటే ఎర్రపాగా వాళ్ళే."

ఇది ఆట అని మరిచిపోయాడో, లేక ఏళ్ళ తరబడి చేసిన పని చేతుల్ని ఆగనివ్వలేదో గానీ, ఇందుశేఖరుడి చేతులు తటాలున తల మీదికి వెళ్ళాయి. రెప్పపాటులో పాగా విప్పి, తిరగేసి, మళ్ళీ చుట్టేశాడు. లోపలి వైపు ఎర్రగా నిగనిగలాడుతోంది! రెండు రంగుల బట్టలు కలిపి కుట్టించుకున్న పాగా అది.

"ప్రభో! ఈ ఉప్పురాజు పచ్చపాగా వాళ్ళకు తొత్తని నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. వానా లేదు, గీనా లేదు, అంతా నాటకం. కప్పం ఇంకో రెండింతలు పెంచినా ఇచ్చుకోగలడు!"

"ఓరి దుర్మార్గుడా! నా ఉప్పు తింటూనే..." అంటూ రాజు ముందుకు ఉరికాడు. ఇందుశేఖరుడికి అప్పటికి తెలివొచ్చింది. తల మీద చెయ్యి పెట్టుకుని, "క్షమించాలి, అలవాటు..." అని నసిగాడు.

"ఆగండి! మేమింకా సింహాసనం మీదే ఉన్నాం" అన్నాడు కూర్మన్న గంభీరంగా. "సామంతరాజా, నీ గోడు నువ్వే చెప్పుకో. అయితే ముందు మా బిరుదులు చదవాలి. తడబడితే మొదటికి రావాలి. ఈ ఆచారం నీ కొలువు చూసే నేర్చుకున్నాం."

రాజు మాటిచ్చేశాడు మరి. ఏం చేస్తాడు? "ఆసేతుహిమా... చతుస్స... చతుస్సముద్ర..." అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే. మంత్రులు నేలచూపులు చూస్తున్నారు. రాజుగారి నుదుటి మీద చెమటలు పోస్తున్నాయి. చివరికి విసిగిపోయి, "నా వల్ల కాదు! చిన్నవాడికి ఇంత పెద్ద కొలువులో నోరు పెగులుతుందా? నా తరఫున మాట్లాడే మనిషి ఒక్కడైనా ఉండొద్దా?" అని అరిచాడు.

రాజు తన నోటివెంట వచ్చిన మాటను తనే విన్నాడు. మొహం పాలిపోయింది.

కూర్మన్న అనుకున్నది ఇంతే. ఇక దిగి కాళ్ళ మీద పడదామని లేవబోతున్నాడు. ఇంతలో అతను కలలో కూడా అనుకోనిది జరిగింది. భటుల నడుమ నుంచి పైడమ్మ ముందుకొచ్చింది. రాజు పక్కన నిలబడి, ఒక్కసారి విన్న చక్రవర్తి బిరుదుల్ని కొసదాకా చదివేసింది.

"బాబూ సక్రవర్తీ, మా రాజు మాట తడబడ్డాడు గానీ అబద్దం ఆడనేదు. వాన పడ్డాది నిజం. ఉప్పు పోనాది నిజం. ఈ బాబు కోపిష్టోడే, కాదన్ను. అయినా ఎదురుగా నిలబడి నోరెండిపోతంటే సూసి ఎలగ ఊరుకుంతాను? ఈ ఏటికి కప్పం వొగ్గీ."

సింహాసనం మీద కూర్మన్న రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

రాజు ఆవిడవైపు తిరిగాడు. "అవ్వా, కాసేపట్లో నిన్ను దేశం నుంచి వెళ్ళగొట్టబోతున్నాను. నా తరఫున ఎందుకు మాట్లాడావు?"

"ఎల్లగొట్టీదాకా నువ్వే గదా బాబూ నా రాజువి!" అంది పైడమ్మ.

ముందు రాజుగారి మీసం అదిరింది. తర్వాత భుజాలు అదిరాయి. ఆ తర్వాత కడుపు పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ ఒకటే నవ్వు. "ముత్యాల సంచి తీసుకుని తరఫున మాట్లాడినవాడు పాగా తిప్పేశాడు. శిక్ష పడుతుందని తెలిసి కూడా మాట్లాడిన దాన్ని నేను చెరసాలలో పెట్టాను! ఒరే కూర్మన్నా, ఈ ఆటంతా ఎందుకు ఆడించావో ఇప్పుడు తెలిసిందిరా!"

ఆ కొలువులోనే దండోరా రద్దయింది. బిరుదులు చదివే ఆచారమూ పోయింది. ఆ ఏడు ఉప్పుమళ్ళ నుంచి రాజభాగం తీసుకోవద్దని ఆజ్ఞ వెళ్ళింది. ఇందుశేఖరుడు పల్లకీ ఊసెత్తకుండా నడిచే వెళ్ళిపోయాడు. చక్రవర్తి దగ్గరికి తానే వెళతానని, తోడుగా పైడమ్మ వస్తే తనకు ధైర్యంగా ఉంటుందని రాజు అడిగాడు. "సరే బాబూ, మజ్జలో ఎక్కడైనా నాలుక మడత పడితే నాను అందుకుంతానులే" అందావిడ.

"నీకేం కావాలిరా?" అని కూర్మన్నను అడిగాడు రాజు. "మాన్యమా? కంకణమా?"

కూర్మన్న సింహాసనం దిగివచ్చి, చేతులు జోడించాడు. "అవేవీ వద్దు ప్రభూ. ఇన్నాళ్ళూ నా తిండీ, నా బట్టా, నా పేరూ అన్నీ ఈ పెద్దమ్మ మాట చలవే. కొలువులో ఒక్కసారి నన్ను ఆవిడ తరఫున మాట్లాడనివ్వండి. ఆవిడ నాకు చేసిందేమిటో పదిమందిలో చెప్పుకోవాలి."

"చెప్పు నాయనా, తనివితీరా చెప్పు" అన్నాడు రాజు.

మాటకు మాట అందించడంలో ఆ చుట్టుపక్కల సాటిలేని కూర్మన్న, పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నోరు తెరిచాడు. "ప్రభూ, ఈవిడ... నన్ను..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

పైడమ్మ కొంగుతో వాడి కళ్ళు తుడిచి, రాజుగారి వైపు తిరిగింది. "బాబూ, ఈడు సెప్పలేకపోతన్నాడు గానీ, ఈడికి నానంటే పేనం. ఆ మాటే సెప్పాలనుకుంతన్నాడు" అంది.

రాజుగారు నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. తన మెడలోని హారం తీసి ఇద్దరిలో ఎవరికి వెయ్యాలో తోచక, పైడమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని కూర్మన్న మెళ్ళో వేసి, "మరి ఏడవకురా, పద, అన్నం తిందాం" అంటూ చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది.