మంచు అవ్వ కూర్చున్న చోటు

ఒకప్పుడు, ఉత్తరాన ఆ పొడవాటి సింధుశాఖ ఇంకా లేని రోజుల్లో, అక్కడ ఒక మంచు అవ్వ ఉండేది. ఉండేదంటే, కూర్చుని ఉండేది. మూడు కిలోమీటర్ల ఎత్తు మనిషి మరి! చతికిలబడిందంటే వేల ఏళ్లకు గాని కదలదు.

ఆవిడ కూర్చున్నది నేలపిల్ల ఒళ్లో. మామూలుగా అవ్వ ఒళ్లో మనవరాలు కూర్చుంటుంది. ఇక్కడ వ్యవహారం తిరగబడింది.

"అవ్వా, నీ బరువుకి అప్పడమైపోయాను. కాస్త లేవరాదూ?" అనేది నేలపిల్ల.

"ఇప్పుడే కదే కూర్చున్నాను!"

"ఇప్పుడేనా? ఇరవై వేల ఏళ్లయింది!"

అవ్వ నవ్వితే ఒళ్లంతా పెళపెళమనేది. నేలపిల్లది ఉత్త వేళాకోళమే. అవ్వ కింద ముడుచుకుని పడుకోవడం ఆమెకెంత ఇష్టమో! ఆ మాట మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

ఇంతలో ఎండలు ముదిరాయి. అవ్వకి చెమటలు పట్టాయి. ఒకరోజు నేలపిల్లకి ఒళ్లు తేలికగా తోచింది.

"అవ్వా, చిక్కిపోయావేం?"

"నువ్వే కదే లేవమన్నావు," అంది అవ్వ నవ్వుతూ.

నేలపిల్లకి నవ్వు రాలేదు. "ఉత్తుత్తినే అన్నాను. లేవకవ్వా!"

"లేవక తప్పదు తల్లీ."

అవ్వ లేచింది. ఆమె కూర్చున్న చోట పెద్ద గుంట పడింది. కరిగిన తన నీళ్లతోనే దాన్ని నింపింది. దక్షిణం నుంచి సముద్రం ఇరుకు దారిలో దూరి వచ్చి, కాస్తంత ఉప్పు కలిపింది. అదే బోత్నియా సింధుశాఖ. పడమట అవ్వ అక్కగారు కూర్చున్న చోట ఇంకా పెద్ద గుంట పడింది. అది హడ్సన్ అఖాతం.

"మళ్లీ వస్తావా?"

"చలికాలానికి వస్తా. చూస్తూ ఉండు."

"ఇంత అణిగిపోయి ఉన్నాను, ఎలా కనిపిస్తావు?"

"అణచింది నేనేగా! ఇక మెల్లగా లే."

చలికాలం వచ్చింది. అవ్వ నిజంగానే వచ్చి సింధుశాఖ మీద కూర్చుంది. కానీ ఎంత పలచబడిందో! నీళ్లలో తిరిగే సీల్ జంతువొకటి చేప కోసం మంచు కిందికి వెళ్లి, ఊపిరాడక కింది నుంచి గోళ్లతో గీరితే కన్నం పడింది. "అయ్యో, ఇదేనా మీ అవ్వ!" అందది.

అవ్వ చిన్నబోయింది. "బరువుగా ఉన్నానటే?" అని మెల్లగా అడిగింది.

నేలపిల్లకి ఈకంత బరువు కూడా తెలియలేదు.

"అబ్బో, మోయలేకపోతున్నాను," అంది. "ఎప్పట్లాగే ఉన్నావు. కదలకు."

వసంతం రాగానే అవ్వ మళ్లీ వెళ్లిపోయింది.

అప్పటినుంచే ఆ సింధుశాఖ మీద ఏటా మంచు కడుతుంది, కరిగిపోతుంది. అప్పటినుంచే అక్కడి ఒడ్డు, పదేళ్లకో బెత్తెడు చొప్పున, పైకి లేస్తూనే ఉంది. తాతలు పడవలు కట్టిన రేవుల్లో ఇప్పుడు మనవలు ఆవుల్ని మేపుకుంటున్నారు. ఇంకొంచెం లేస్తే అవ్వ వెళ్లిన దారి కనిపిస్తుందేమోనని నేలపిల్ల చూస్తోంది.