పేరులేనమ్మ గుండు

పూర్వం, ఈ మేడిమల కొండల నడుమ బండ్లబాటలు కూడా ఏర్పడని కాలంలో, దక్షిణాన దొనకల్లు అనే గ్రామంలో కంబళ్ళు నేసుకుని బ్రతికే మాళమ్మ అనే కన్య ఉండేది. బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఆమెను అవ్వ నింగమ్మ పెంచి పెద్దచేసింది. ఆ గ్రామదేవత జాతరలో ఒక్కొక్క వంశంవారూ తమ మూలస్థానం పేరు చెప్పి జ్యోతి ఎత్తడం ఆచారం. ఒక ఏడు నింగమ్మ జ్యోతిని తలకెత్తుకోగానే గ్రామపెద్ద అడ్డువచ్చి, "కరువుకు కొట్టుకొచ్చినోళ్ళకు ఊరేది, పేరేది? దించు" అన్నాడు. నిండు జనంలో ఆ వృద్ధురాలు జ్యోతిని దించి నేలమీద పెట్టింది. ఆ క్షణాన్ని మాళమ్మ జన్మలో మరువలేదు.

అవమానభారంతో మంచంపట్టిన నింగమ్మ, తనకు తెలిసినదంతా మనుమరాలికి అప్పగించింది. "మన వాగు పడమటికి పారుతుందే తల్లీ. దాని ఒడ్డున రాతిగుండు మీద మన ఇంటి తల్లులు ఏడుగురు, తొలికాన్పు కాగానే పైనుంచి కిందికి తలా ఒక గుంట తొలిచినారు. ఆఖరామె మా అమ్మ ఈరమ్మ. కరువులో నన్ను చంకనేసుకొని ఆ నేల విడిచింది." ఈరమ్మ మొదలు పైకి ఆరుగురి పేర్లు చెప్పి, ఏడవ పేరు వద్ద ఆగిపోయింది. "మొదటామె పేరు నాకు చెప్పకుండానే మా అమ్మ కన్నుమూసింది" అని, ఆ వారంలోనే తానూ కన్నుమూసింది.

కర్మకాండ ముగిసిన మరునాడే మాళమ్మ భుజాన కంబళి, చేతిలో కదురు తీసుకుని బయలుదేరింది. ఏరులన్నీ తూర్పుకు పారే ఈ దేశంలో పడమటికి పారే వాగు ఎక్కడుందని అడిగితే కొందరు నవ్వారు, కొందరు జాలిపడ్డారు. ఊరూరా ఉన్ని వడికి పొట్టపోసుకుంటూ, కనిపించిన ప్రతి వాగులోనూ ఆకువేసి చూస్తూ, ఆమె మూడు వానాకాలాలు తిరిగింది. మధ్యలో జ్వరం వచ్చి ఒక సత్రంలో నెల్లాళ్ళు పడి ఉన్నప్పుడు, తిరిగి వెళ్ళిపొమ్మని అక్కడివారు హితవు చెప్పినా, "వెనక్కి పోవడానికి అది మాత్రం నా ఊరా?" అని లేచి నడక సాగించింది. నాలుగవ ఏట ఈ కొండల నడిమికి వచ్చి ఒక సన్నని వాగులో మోదుగాకు వేస్తే, అది అస్తమిస్తున్న సూర్యునికి ఎదురుగా సాగిపోయింది.

వాగు ఒడ్డున ఏనుగంత గుండు, దానిమీద కింది నుంచి పైకి ఏడు గుంటలు ఉన్నాయి. వాటిని ఊడ్చి శుభ్రం చేస్తున్న పుల్లక్క అనే ముదుసలి, "మా పెద్దలు ఇక్కడికి వచ్చేసరికే ఉన్నాయమ్మా. ఎవరివో తెలియకపోయినా, ఎవరో ఒకరివి కదా అని ఊడుస్తాం" అన్నది. మాళమ్మ గుండును కౌగిలించుకుని చాలాసేపు ఏడ్చింది. నాటి నుండి పుల్లక్క గుడిసెలోనే ఉండి, దినమూ గుంటలలో నీరు పోస్తూ వచ్చింది.

మరుసటి వేసవిలో వాగు పూర్తిగా ఎండిపోయిన సమయాన, ఆ సీమను ఏలే గంగప్ప నాయకుడు కోటగోడ కోసం గుండును పగలగొట్టించడానికి రాతిపనివారితో వచ్చాడు. మాళమ్మ గుండుకు వీపు ఆనించి నిలబడి, ఇది తన తల్లుల చోటు అన్నది. నాయకుడు క్రూరుడు కాడు గాని మాటలతో కరిగేవాడూ కాడు. "నీ తల్లులైతే వాళ్ళ పేర్లు చెప్పు. ఒక్కటి తప్పినా సుత్తె పడుతుంది" అన్నాడు.

మాళమ్మ అట్టడుగు గుంటపై చేయి ఉంచి "ఈరమ్మ" అన్నది. ఎండకు కాలుతున్న ఆ రాతిలో తడి పుట్టి, చూస్తుండగానే గుంట నిండింది. రాతిపనివారు సుత్తెలు దించారు. సిద్దమ్మ, బొమ్మక్క, కరియమ్మ, చౌడమ్మ, హొన్నమ్మ అని ఆమె ఒక్కొక్క పేరే చెబుతూ పైకి వెళ్ళిన కొద్దీ ఒక్కొక్క గుంటా నిండింది. అన్నిటికన్నా పై గుంట దగ్గర ఆమె చేయి ఆగింది. పక్కకు వచ్చిన పుల్లక్క, "ఏదో ఒక పేరు చెప్పు తల్లీ, ఎవరికి తెలుస్తుంది?" అని బ్రతిమాలింది.

మాళమ్మ తల అడ్డంగా ఊపి, నాయకుని వైపు తిరిగింది. "ఈమె పేరు నాకు తెలియదయ్యా. లేని పేరు అంటగట్టి నా తల్లిని మరొకరిని చేయలేను. పేరు తెలియకపోయినా ఈమె కడుపు నుంచే నేను వచ్చినాను. కొట్టేట్టయితే నా మీదుగా కొట్టండి" అని ఆ గుంటపై తల ఆనించి, "అమ్మా" అని మాత్రం అన్నది. అప్పుడు ఆ గుంటలో నుండి ఉబికిన జలం ఆమె జుట్టును తడిపి, కింది ఆరు గుంటలనూ ముంచెత్తుతూ, ఎండిన వాగులోకి జారి పడమటికి పారింది. గంగప్ప నాయకుడు చెప్పులు విడిచి, ఆ నీటిని కళ్ళకద్దుకుని, రాతిపనివారిని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు.

మాళమ్మ మరి దొనకల్లుకు పోలేదు. పుల్లక్క అనంతరం తానే గుండును ఊడుస్తూ అక్కడే తనువు చాలించింది. ఆమె పూజించిన తల్లి పేరులేనమ్మగా వెలసింది. ఆ పేరుతోనే గుండూ, దాని కింద పెరిగిన పల్లె కూడా ప్రసిద్ధమయ్యాయి. నేటికీ నడివేసవిలో ఏ కొండవాగు ఎండినా పై గుంటలో చెంబెడు నీరు నిలిచి ఉంటుంది. వైశాఖమాసపు తొలి మంగళవారం నాడు వచ్చే భక్తులు తమ తల్లుల పేర్లు తెలిసినంతవరకు చెబుతూ ఒక్కొక్క గుంటలో నీరు పోసి, తెలియని చోట "అమ్మా" అని నమస్కరిస్తారు. ఎవరి బిడ్డలో తామే ఎరుగని వారు మాత్రం నేరుగా పై గుంట దగ్గరికే వెళతారు. ఎంత జనం ఉన్నా, వారికి ముందుగా దారి విడవడం ఆ క్షేత్ర నియమం.